బండ్లలో ఉన్న తొమ్మిది మంది పేర్లూ రాయండి

సైనికుల రికార్డు ఆఫీసులు, పింఛను ఆఫీసులు, రిటైరయ్యేటప్పుడు వైద్యపరీక్ష చేసే రిలీజ్ మెడికల్ బోర్డులు నడిపే అధికారులకు,

నమస్కారం.

నేను ఆర్మీలో 24 ఏళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాది ఆర్టిలరీ. ట్రైనింగ్ ఇక్కడే, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో అయింది. ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే కసమ్ పరేడ్ చూడ్డానికి మా నాన్న ఊరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చాడు. ఇప్పుడు నేనూ నా భార్యా అల్వాల్ దగ్గర ఉంటున్నాం.

నాకున్న చెవి సమస్య, నిద్ర సమస్య సర్వీసులో జరిగిన ఒక దాడి వల్ల వచ్చాయని, వాటిని లెక్కలోకి తీసుకోమని మీకు రెండు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి నాలుగు లైన్ల జవాబు వచ్చింది. రెండోదానికి 14 నెలలైనా జవాబు లేదు. కౌంటర్ దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ "ఫైలు పైన ఉంది" అన్నారు. ఇక అందరూ చదివేలా రాయడం తప్ప నాకు దారి కనపడలేదు. మీలో చాలామంది యూనిఫాం వేసుకున్నవాళ్లే. మిమ్మల్ని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. అర్జీలో దీనికి కేటాయించిన గడిలో రెండు లైన్లే పట్టాయి.

దాదాపు ఇరవై ఏళ్ల కిందట నేను ఉగ్రవాదులతో పోరాడే ఆర్మీ దళం రాష్ట్రీయ రైఫిల్స్ డ్యూటీ మీద కశ్మీర్ లోయలో ఉన్నాను. ఊరి పేరు, తేదీ మీ దగ్గరున్న అర్జీలో ఉన్నాయి. చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లను అడగకుండా వాటిని ఇక్కడ రాయలేను.

పొద్దున్నే రెండు బండ్లలో పెట్రోలింగ్‌కు బయల్దేరాం. ముందు జిప్సీలో నలుగురు, వెనక వన్ టన్ అనే చిన్న ట్రక్కులో ఐదుగురం, మొత్తం తొమ్మిది మందిమి. తెల్లవారకముందే రోడ్డు చెక్ చేయడానికి వెళ్లిన ఆర్‌ఓపీ వాళ్లకు ఇవ్వాల్సిన చాయ్ క్యాన్ కూడా మా బండిలోనే ఉంది. నేను ట్రక్కు వెనక తలుపు, అంటే టెయిల్‌బోర్డు పక్కన కూర్చుని, గుంతలు వచ్చినప్పుడు అది దొర్లిపోకుండా మోకాళ్ల మధ్య పట్టుకున్నాను. రోడ్డుకు ఒకవైపు సఫేదా చెట్లు, ఇంకోవైపు కొంచెం ఎత్తులో ఆపిల్ తోట. మలుపు తిరిగాక ఒక చిన్న కల్వర్టు ఉంటుంది. జిప్సీ దాని మీదికి ఎక్కగానే మందుపాతర పేలింది.

పేలుడుతో నా చెవులు మూసుకుపోయాయి. తోటలో నుంచి కాల్పులు జరుగుతున్నాయని నాకు కళ్లతోనే తెలిసింది. మా బండి టార్పాలిన్‌కు ఒక్కొక్కటిగా చిల్లులు పడుతున్నాయి, ఒక్కో చిల్లులో నుంచి ఎండ గీతలా లోపలికి వస్తోంది. నా తొడల మీద వేడిగా తడి తగిలింది. నెత్తురనుకున్నాను. పోయాను అనుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అది చాయ్. క్యాన్ మూత ఊడిపోయి అంతా నా కాళ్ల మీదే పోయింది. పక్కనున్న అతను కాలర్ పట్టుకుని లాగితే కిందికి దూకి రోడ్డు పక్క కాలవలో పడ్డాను.

అక్కడి నుంచి 47 రౌండ్లు కాల్చాను. ఒక మ్యాగజైన్ పూర్తిగా, రెండోదానిలో పదిహేడు. సాయంగా రావాల్సిన క్యూఆర్‌టీ దళం వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టిందని తర్వాత చెప్పారు. ఆ ఇరవై నిమిషాలూ జిప్సీ పక్కన పడి ఉన్న ఒక కుర్రాడు నా వైపే చూస్తున్నాడు. మా అందరిలో చిన్నవాడు. అతని నోరు కదులుతోంది. ఏదో అంటున్నాడు, నాకు వినపడటం లేదు. పాక్కుంటూ రెండుసార్లు ముందుకు వెళ్లబోయాను. రెండుసార్లూ నా ముందు మట్టి లేచింది. మేం అతని దగ్గరికి చేరేసరికి ప్రాణం లేదు. నీళ్లు అడిగాడా, వాళ్లమ్మను పిలిచాడా, నన్ను పేరు పెట్టి పిలిచాడా? ఆ పెదాల కదలికను ఇరవై ఏళ్లుగా చదువుతూనే ఉన్నాను.

ముగ్గురు చనిపోయారు. ఇద్దరికి గాయాలు, అందులో మా వన్ టన్ డ్రైవర్ ఒకడు. మిగిలిన నలుగురం "సేఫ్".

సాయంత్రం క్యాంపులో రౌండ్ల లెక్క తీశారు. ఎవరు ఎన్ని కాల్చారు, ఎన్ని ఖాళీ కేసులు దొరికాయి, ఎన్ని దొరకలేదు, అన్నీ రిజిస్టర్‌లో రాసి మాతో సంతకాలు తీసుకున్నారు. అది తప్పనడం లేదు. తూటాకు లెక్క ఉండాల్సిందే. కానీ మా నలుగురికి ఇంజ్యూరీ రిపోర్టు రాయలేదు. గాయం కనపడకపోతే ఆ ఫారం తీయరు కదా. క్యాంపు వైద్యశాల ఎంఐ రూమ్‌లో నా తొడలకు ఆయింట్‌మెంట్ రాసి, రిజిస్టర్‌లో "వేడి చాయ్ పడి కాలింది, మైనర్" అని రాశారు. చెవులు వినపడటం లేదంటే రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నారు. మూడో రోజున అదే రోడ్డులో మళ్లీ పెట్రోలింగ్‌కు వెళ్లాను.

ఆ రోజుకు సంబంధించి నా పేరుతో ఉన్న వైద్య కాగితం అదొక్కటే. మీ నాలుగు లైన్ల జవాబులో ఉన్నదీ అదే: రికార్డు ప్రకారం టీ వల్ల స్వల్పంగా కాలింది, రిలీజ్ మెడికల్ బోర్డులో షేప్-వన్, అంటే పూర్తి ఆరోగ్యవంతుడు, కాబట్టి క్లెయిమ్ చెల్లదు. ఆ జవాబు రాసినవారి మీద నాకు కోపం లేదు. వారి ముందున్న కాగితంలో అంతకుమించి లేదు. నా ఫిర్యాదల్లా ఆ కాగితం మీదే.

ఇది నా ఒక్కడి గోడు కాదు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో సీఆర్‌పీఎఫ్ కాన్వాయ్ మీద దాడి జరిగి 40 మంది చనిపోయారు. ఆ కాన్వాయ్‌లో 78 బండ్లు, 2,500 మందికి పైగా జవాన్లు ఉన్నారు. 2024 జూలై 8న కఠువా జిల్లాలో పెట్రోలింగ్‌కు వెళ్లిన ఆర్మీ వాహనాల మీద దాడిలో ఐదుగురు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. వార్త అంతటితో ఆగిపోతుంది. ముందు బండి గాల్లోకి లేవడం వెనక బండిలో నుంచి చూసినవాళ్లు, తోటివాళ్ల శరీరాలను చేతులతో ఎత్తినవాళ్లు ఏ లెక్కలో ఉంటారు? సీఆర్‌పీఎఫ్ హోంశాఖ కింద ఉంటుంది, రూల్స్ వేరని తెలుసు. పక్క మనిషి పోవడం చూసినవాడి బాధకు ఆ తేడా లేదు.

దీనివల్ల మామూలు కుటుంబాల్లో ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. సర్వీసులో ఉన్నంతకాలం నోరు విప్పలేం. మీకు తెలిసిందే, మన మెడికల్ కేటగిరీ షేప్‌లో మొదటి అక్షరం ఎస్, అది మనసుకు సంబంధించింది. రెండోది హెచ్, వినికిడికి సంబంధించింది. నిద్ర పట్టడం లేదని చెబితే ఎస్ పోతుంది. దానితో ప్రమోషన్ పోతుంది, చేతిలో నుంచి ఆయుధం పోతుంది, బ్యారక్‌లో పేరు పోతుంది. నాకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు. చెల్లెలి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. ప్రతి ఏటా మెడికల్‌లో "అంతా ఠీక్ హై సాబ్" అన్నాను. వినికిడి పరీక్ష ఆడియోమెట్రీ చేస్తే దొరికిపోతానేమోనని భయపడ్డ సంవత్సరాలున్నాయి. ఆ అబద్ధం నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ నిజం చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి ప్రమోషన్ అయితే ఏ జవాను నిజం చెబుతాడు? మనసుకు తగిలే ఇలాంటి దెబ్బకు 1980లోనే అమెరికా మానసిక వైద్యులు పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. లక్షణాలు పూర్తిగా బయటపడటానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూడా పట్టవచ్చని వైద్యులే చెబుతున్నారు. గాయమైన రోజునే ఫారం నిండాలన్న పద్ధతికీ ఈ జబ్బుకూ ఎక్కడా పొసగదు.

2. ఇంట్లో దాని బరువంతా ఆడవాళ్ల మీద పడుతుంది. నన్ను నిద్ర లేపాలంటే నా భార్య భుజం తట్టదు. మంచం చివర నిలబడి కాలి బొటనవేలు లాగుతుంది. ఒకసారి భుజం తట్టినందుకు ఆమె మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో మెట్ల మీద పడ్డానని చెప్పింది. ఆ మాట ఇప్పుడు బయటపెట్టడానికి ఆమెను అడిగాను. "రాయండి, రాస్తేనే తెలుస్తది" అంది. మా అమ్మాయి పెళ్లికి బరాత్ వద్దన్నాను. వియ్యాలవారు బాధపడ్డారు. ఎందుకు వద్దంటున్నానో వాళ్లకు ఏమని చెప్పాలి? ఏ పేరుతో చెప్పాలి? డాక్టర్ రాసిచ్చిన ఒక కాగితం ఉంటే, "ఆయనకు ఫలానా జబ్బు ఉంది" అని ఆమె తలెత్తుకుని చెప్పేది. అది లేకపోబట్టి చుట్టాల్లో నేను "కోపిష్టి మిలిటరీ మనిషి"ని.

3. రిటైరయ్యాక దొరికే పనులు మేం చేయలేం. ఈ ఊళ్లో మాజీ జవానుకు వచ్చే పనులు సెక్యూరిటీ గార్డు, గన్‌మ్యాన్. నాకు ఏటీఎంలలో డబ్బు నింపే బండిలో గన్‌మ్యాన్‌గా పని దొరికింది. జీతం పర్వాలేదు. పని ఏమిటంటే మూసిన బండిలో వెనక కూర్చుని, తుపాకీ పట్టుకుని, రోడ్డును చూస్తూ వెళ్లడం. పదకొండు రోజులు చేశాను. పన్నెండో రోజు బోయిన్‌పల్లి దగ్గర ముందు వెళ్తున్న లారీ టైరు పేలింది. నేను బండిలో నుంచి దూకి డివైడర్ వెనక పడుకున్నాను. చేతిలో లోడ్ చేసిన తుపాకీ ఉంది. చుట్టూ స్కూలు ఆటోలు ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే నేనే పని మానేశాను. ఆ రోజు ఇంకేదైనా జరిగి ఉంటే మీ ఆఫీసు కాగితాల్లో నేను షేప్-వన్, ఆరోగ్యవంతుణ్ణి.

4. కొత్తగా తవ్వి పూడ్చిన మట్టి కనిపిస్తే ఆగమని మాకు నేర్పారు. హైదరాబాద్‌లో కేబుల్ కోసమో పైపు కోసమో తవ్వి పూడ్చని వీధి ఉందా? పాల ప్యాకెట్ తేవడానికి నేను మూడు వీధులు చుట్టి వెళ్తాను.

5. కొందరు అసలు మిగలరు. ఆ రోజు "సేఫ్" అన్న నలుగురిలో నన్ను కాలర్ పట్టి లాగినతను శ్రీకాకుళం వైపు మనిషి. నన్ను "అన్నా" అని పిలిచేవాడు. అంతకుముందు పండగ పూట కూడా మందు ముట్టేవాడు కాదు. ఆ తర్వాత తాగడం మొదలుపెట్టాడు. క్రమశిక్షణ కేసులు పడ్డాయి. పింఛను వచ్చేంత సర్వీసు పూర్తిచేసి ఇంటికి వెళ్లిన మూడేళ్లకు లివర్ పాడై చనిపోయాడు. అతని భార్యకు మామూలు ఫ్యామిలీ పింఛను వస్తోంది. అంటే చివరి జీతంలో 30 శాతం. మరణానికి సర్వీసే కారణమని ఒప్పుకుంటే స్పెషల్ ఫ్యామిలీ పింఛను 60 శాతం. పోరులో పోతే లిబరలైజ్డ్ పింఛను 100 శాతం. ఆమెకు ఈ తేడాలేవీ తెలియవు. "తాగి చచ్చాడు" అని ఊళ్లో అంటుంటే వింటూ, జీడిపప్పు బట్టీలో కూలికి వెళ్తోంది. నా ప్రాణం కాపాడిన మనిషి అతను. ఆ రోజు అతను అక్కడ ఉన్నట్టు చెప్పే కాగితం ఆ రౌండ్ల రిజిస్టర్ ఒక్కటే.

చట్టం మాకు వ్యతిరేకంగా లేదు, అదే నా బాధ. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చేరేటప్పుడు లేని జబ్బు, చేరినప్పటి రికార్డులో రాయని జబ్బు తర్వాత బయటపడితే అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలి. కాదని చూపించాల్సిన బాధ్యత సైనికుడిది కాదు, ప్రభుత్వానిది. వైకల్యం 20 శాతమైనా ఉందని బోర్డు తేలిస్తేనే డిజేబిలిటీ పింఛను మొదలవుతుంది. నూరు శాతానికి చివరి జీతంలో 30 శాతం లెక్క. పోరులో వచ్చిన గాయమైతే దానికి రెట్టింపు. ఈ మెట్లలో మొదటిదాని దగ్గరే మమ్మల్ని ఆపుతున్నారు, ఎందుకంటే మేం ఆ రోజు అక్కడ ఉన్నట్టే మీ ఫైలుకు తెలియదు.

మేం కోరేవి ఇవి:

1. ఎక్కడ దాడి జరిగినా ఆ సమయంలో అక్కడున్న ప్రతి ఒక్కరి పేరు, నంబరు, ఏ బండిలో ఎక్కడ కూర్చున్నారు, పేలుడుకు ఎంత దూరంలో ఉన్నారు అన్నది రాయండి. గాయం కనపడినా కనపడకపోయినా రాయండి. ఆ కాగితం కాపీ ఒకటి ప్రతి జవాను చేతికి ఇవ్వండి. బోర్డు అడిగినప్పుడు చూపించుకుంటాడు. దీనికి ఖర్చు లేదు. ఒక పేజీ, ఒక సంతకం. మిగతావి ఆలస్యమైనా ఇది మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

2. పేలుడుకు దగ్గరగా ఉన్నవాళ్లకు వారంలోపు, మళ్లీ ఆరు నెలలకు, మళ్లీ ఏడాదికి ఆడియోమెట్రీ చేయండి. అదే సమయంలో మానసిక వైద్యుడితో మాట్లాడించండి. నిజం చెప్పినవాడికి ఆ కారణంతో ప్రమోషన్ ఆపబోమని రాతపూర్వకంగా భరోసా ఇవ్వండి. కొన్నాళ్లు ఆయుధం పక్కన పెట్టించినా ఫరవాలేదు, జీవితాంతం మచ్చ వేయకండి.

3. రిలీజ్ మెడికల్ బోర్డులో "మీరు ఏ దాడిలోనైనా ఉన్నారా" అని సూటిగా అడగండి. భార్యతో విడిగా మాట్లాడండి. మేం దాచింది ఆమె చెబుతుంది.

4. పాత కేసులకు ఇంజ్యూరీ రిపోర్టే కావాలని పట్టుబట్టకండి. రౌండ్ల రిజిస్టర్లు, వైర్‌లెస్ లాగ్‌లు, బండి డ్యూటీ కాగితాలు, బతికున్న తోటి జవాన్ల అఫిడవిట్లు సాక్ష్యంగా తీసుకోండి. గడువు తీరిందని పాత రిజిస్టర్లను నాశనం చేసే ముందు, దాడి జరిగిన రోజుల పేజీలను స్కాన్ చేయించండి. మా రిజిస్టర్ ఇంకా ఉందో లేదో చెప్పమని రెండో అర్జీలో అడిగాను. కనీసం దానికైనా జవాబివ్వండి.

5. చనిపోయినవారి విషయంలో భార్యలు అడిగే వరకూ ఆగకండి. దాడిలో ఉండి, తర్వాత తాగుడుతోనో ఆత్మహత్యతోనో పోయినవాళ్ల కేసులను మీరే తిరిగి తెరవండి.

6. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో మాజీ సైనికులకు వైద్యం చేసే ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లలో వారానికి ఒక రోజైనా తెలుగు మాట్లాడే మానసిక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి. ఇరవై నాలుగేళ్లు హిందీలో డ్యూటీ చేశాను, హిందీలో ఆర్డర్లు ఇచ్చాను. కానీ ఆ కుర్రాడి పెదాల గురించి హిందీలో చెప్పబోతే మాటలు రాలేదు. "నీంద్ నహీ ఆతీ" అని ఊరుకున్నాను. మాత్ర రాసిచ్చారు. నా భార్యకైతే హిందీలో ఆ మాత్రం చెప్పడం కూడా రాదు. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఒక రాత్రి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి తెలుగులో మాట్లాడింది. నలభై నిమిషాలు ఓపిగ్గా విన్నది. ఆమెకు కృతజ్ఞతలు. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే ఇంకెంత బాగుంటుంది!

నగర ప్రజలకు ఒక చిన్న మనవి. అమరుల్ని మనవాళ్లు గౌరవించరని నేను ఎప్పుడూ అనను. 2020 జూన్‌లో గల్వాన్‌లో చనిపోయిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కోసం రాష్ట్రమంతా ఏడ్చింది. పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారకం దగ్గర పూలు పెట్టేటప్పుడు నేనూ వెనక వరసలో నిలబడతాను. మిమ్మల్ని అడిగేది ఒకటే. రాత్రి పది దాటాక ఫంక్షన్ హాళ్ల ముందు బాంబులు పేల్చకండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుళ్లు వద్దన్న రూల్ ఎన్నో ఏళ్లుగా ఉంది. మీ వీధిలో మాలాంటివాళ్లు ఉంటే పగటిపూట కాల్చే ముందు కూడా ఒక్క మాట చెప్పండి. ముందే తెలిస్తే తలుపులు వేసుకుని, టీవీ సౌండ్ పెంచుకుని కూర్చుంటాం. తెలియకుండా పేలేదే మమ్మల్ని కిందపడేస్తుంది.

అధికారులకు తిరిగి చెబుతున్నాను. ఈ లేఖతో పాటు మీ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో ఒక కాగితం పంపాను. రెండు బండ్ల బొమ్మ గీసి, తొమ్మిది మందిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో పేర్లు, నంబర్లతో రాశాను. కల్వర్టు, తోట, నేను పడ్డ కాలవ, ఆ కుర్రాడు పడి ఉన్న చోటు గుర్తులు పెట్టాను. బతికున్న ఐదుగురిలో నేను కాక మిగతా నలుగురికీ చూపించాను. ఒకరు జిప్సీకీ వన్ టన్‌కూ మధ్య దూరం సరిచేశారు, ఆ నలుగురూ సంతకాలు పెట్టారు. దాన్ని నా ఫైలులోనూ, శ్రీకాకుళం తమ్ముడి ఫైలులోనూ చేర్చి, 60 రోజుల్లోపు ఇద్దరి కేసుల మీదా కారణాలతో జవాబు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
వన్ టన్‌లో టెయిల్‌బోర్డు పక్కన కూర్చున్న జవాను,
అల్వాల్, హైదరాబాద్